అమ్మకు సెలవు ఎప్పుడు?

సెలవులు వచ్చాయంటే అందరికీ సంతోషమే. బడి పిల్లవాడికి పాఠాల నుండి విశ్రాంతి. ఉద్యోగికి ఆఫీసు నుండి విశ్రాంతి. కార్మికునికి షిఫ్టుల నుండి విశ్రాంతి. మరి వీళ్ళందరూ సెలవులు గడపడానికి ఏ ఇంటికి చేరుకుంటారో, ఆ ఇంట్లో ఉన్న వృద్ధురాలైన తల్లికి దేని నుండి విశ్రాంతి? ఈ ప్రశ్న చాలా చిన్నదిగా కనిపించవచ్చు. కాని తల్లి హక్కు గురించి మనకు నిజంగా ఎంత తెలుసో ఈ చిన్న ప్రశ్నతోనే తేలిపోతుంది.

ఉత్తరాంధ్ర సంగతే తీసుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు వలసలకు పెట్టింది పేరు. బతుకుతెరువు కోసం విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వెళ్ళినవారున్నారు. గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారున్నారు. తీరప్రాంత మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి అక్కడి బోట్ల మీద నెలల తరబడి పని చేస్తారు. ఏడాది పొడుగునా ఎన్నో ఇళ్ళను కనిపెట్టుకుని ఉండేది ముసలివాళ్ళే. సంక్రాంతి వచ్చేసరికి ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లలో కాలు పెట్టడానికి చోటుండదు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను, విజయనగరం జంక్షను జనంతో కిటకిటలాడతాయి.

ఈ జిల్లాలలో ముస్లింలు చాలా తక్కువ. 2011 జనగణన ప్రకారం నూటికి ఒక్కరు కూడా లేరు. సంక్రాంతి మన పండుగ కాకపోయినా, ఆ సెలవులు మన ఇళ్ళకూ వస్తాయి. ఈదుల్ ఫిత్ర్‌కు దొరికేది సాధారణంగా ఒక్క రోజు సెలవు. హైదరాబాదు నుండి రావడానికి ఒక రాత్రి, తిరిగి పోవడానికి ఒక రాత్రి పడుతుంది. అందువల్ల ఈద్‌కు రాలేకపోయిన కొడుకులు, కూతుళ్ళు, మనవలు జనవరిలోనో, వేసవిలోనో వస్తారు. ఇలా రావడం మంచి పనే. బంధుత్వాలను కలిపి ఉంచడం, అంటే సిలా రహ్మీ, ఉపాధిలో వృద్ధికీ ఆయుష్షులో శుభానికీ కారణమవుతుందని మహాప్రవక్త (సఅసం) బోధించారు. కాబట్టి కష్టపడి ఊరికి వచ్చేవారిని మేము తప్పుపట్టడం లేదు. వచ్చిన తర్వాత ఏం జరుగుతున్నదన్నదే మన ముందున్న ప్రశ్న.

ఆ ఇంట్లో ఒక రోజు

డెబ్బై ఏళ్ళ తల్లి ఫజ్ర్ అజాన్ కన్నా ముందే లేస్తుంది. మోకాళ్ళు పట్టేసి ఉంటాయి. అయినా గోడ పట్టుకుని వంటింట్లోకి నడుస్తుంది. పిల్లలు ఎప్పుడు లేస్తారో తెలియదు కనుక టిఫిను మూడు సార్లు వేడి చేస్తుంది. ఒక మనవడికి అట్టు కావాలి, ఇంకొకడికి పరాఠా కావాలి. మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం పకోడీలు, ఆ తర్వాత చుట్టపుచూపుగా వచ్చిన వారికి చాయ్. అందరూ తిన్న తర్వాత గిన్నెలో మిగిలింది తను తింటుంది. భోజనానికి ముందు వేసుకోవలసిన మాత్ర సంగతి రాత్రికి గుర్తుకు వస్తుంది. మంచం కోడలికీ పసిబిడ్డకూ ఇచ్చి, తను వంటింటి గుమ్మం దగ్గర చాప పరుచుకుంటుంది.

కొడుకు ఎదురుగానే ఉంటాడు. కాని చేతిలో ఫోను ఉంటుంది. తల్లి ఏదో చెప్పబోతుంది. "ఆఁ అమ్మీ, చెప్పు" అంటాడు గాని చూపు ఫోను మీదే. నాలుగు రోజులు ఇట్టే గడిచిపోతాయి. బయలుదేరే రోజు ఆవకాయ జాడీ, పలాస జీడిపప్పు పొట్లం, ఎండురొయ్యలు అన్నీ ఆమే సర్ది ఇస్తుంది. బండి కదిలాక ఇంటికి వచ్చి దుప్పట్లు ఉతుక్కుంటుంది. అందరూ సెలవు గడిపి వెళ్ళారు. ఆమె మాత్రం ఏడాది మొత్తంలో ఆ నాలుగు రోజులే ఎక్కువ పని చేసింది.

"అమ్మకు ఇష్టమే కదా!"

ఈ మాట ఎత్తగానే ఒక సమాధానం వస్తుంది. "మేము అడగలేదు, అమ్మే వద్దన్నా వినదు. మాకు వండి పెట్టడం ఆమెకు సంతోషం. ఆ సంతోషాన్ని ఎందుకు కాదనాలి?" ఇది తేలికగా కొట్టిపారేయదగిన మాట కాదు. ఇందులో నిజం ఉంది. బిడ్డలు తింటుంటే చూసి మురిసిపోని తల్లి ఎక్కడుంది?

అయితే ఒకరు ఇష్టపడి మోసినంత మాత్రాన బరువు తేలికైపోతుందా? ఆమె సంతోషం నిజమే, ఆమె అలసట కూడా నిజమే. అప్పు ఇచ్చినవాడు మొహమాటంతో నోరు తెరిచి అడగకపోతే అప్పు తీరిపోయినట్టు కాదు. మొహమాటపెట్టి తీసుకున్న సొమ్ము ధర్మసమ్మతం కాదని మన ఉలమాలు చెబుతారు. పరాయివాడి సొమ్ము విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, కన్నతల్లి శక్తి విషయంలో ఎంత అవసరం! ఇష్టపడి చేయడం ఆమె గొప్పతనం. దానికి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఆమెకు ఉంటుంది. ఆ గొప్పతనం చాటున మన బాధ్యత మాత్రం రద్దు కాదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కాలంలో యమన్ దేశస్థుడొకడు తన తల్లిని వీపున మోసుకుంటూ కాబా చుట్టూ తవాఫ్ చేయించాడు. తల్లి రుణం తీరిందా అని ఆయన్ని అడిగాడు. ప్రసవ సమయంలో ఆమె పడిన ఒక్క నొప్పికి కూడా ఇది సరిపోదని ఆయన జవాబిచ్చారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ సంఘటనను 'అల్ అదబుల్ ముఫ్రద్'లో నమోదు చేశారు. తల్లిని వీపున మోసినవాడి సంగతే ఇది. తల్లి చేత మోయించుకునేవాడి సంగతేమిటి?

ఒక్క పదంలో ఉన్న పాఠం

దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులు మనందరికీ తెలిసినవే. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరుకుంటే వారి ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనకూడదని, కసురుకోకూడదని, వారితో మర్యాదగా మాట్లాడాలని, వినయంతో వారి ముందు తలవంచి ఉండాలని అల్లాహ్ ఆదేశించాడు. అక్కడ 'ఇందక' అనే ఒక చిన్న అరబీ పదం ఉంది. నీ వద్ద, నీ దగ్గర అని దాని అర్థం. అంటే ముసలి తల్లిదండ్రులు సంతానం దగ్గర, సంతానం నీడలో ఉంటారన్నది అక్కడి చిత్రం. ఈనాడు ఉపాధి మూలంగా ఈ చిత్రం తలకిందులైంది. తల్లి మన దగ్గర లేదు. మనమే ఏడాదికి నాలుగు రోజులు తల్లి దగ్గర ఉంటున్నాము. కనుక ఆ ఆయతును ఆచరించడానికి మనకు చిక్కేది ఆ నాలుగు రోజులే. ఆ కాస్త సమయాన్నీ ఆమె అతిథులుగా గడిపేస్తే, ఇక ఆచరించేది ఎప్పుడు?

లుఖ్మాన్ సూరా 14వ ఆయతు, తల్లి బలహీనత మీద బలహీనతను భరించి బిడ్డను మోసిందని గుర్తు చేస్తుంది. రూమ్ సూరా 54వ ఆయతు, మనిషి బలహీనుడిగా పుట్టి, బలం పొంది, తిరిగి బలహీనతకూ నెరిసిన జుట్టుకూ చేరుకుంటాడని చెబుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. మనం బలహీనులుగా ఉన్నప్పుడు ఆమె తన బలాన్ని మనకు ఇచ్చింది. ఇప్పుడు బలం మన దగ్గర ఉంది, బలహీనత ఆమె దగ్గర ఉంది. ఇక చేయవలసిందేమిటో వేరే చెప్పాలా?

పూర్వం జురైజ్ అనే భక్తుడు నఫిల్ నమాజులో ఉండగా తల్లి పిలిచింది. అతడు నమాజునే కొనసాగించాడు, తల్లికి బదులు పలకలేదు. దాని మూలంగా అతడు పెద్ద పరీక్షకు గురయ్యాడని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఐచ్ఛిక నమాజు కన్నా తల్లి పిలుపు ముందని ఉలమాలు దీని నుండి గ్రహించారు. మరి తల్లి పిలుపు కన్నా ఫోను ముందెలా అవుతుంది?

డబ్బు, చట్టం చేయలేని పని

"నెలనెలా డబ్బు పంపుతున్నాము కదా" అని కొందరంటారు. పంపాలి, అది విధి. కాని ఈ రోజు డబ్బు ఇచ్చేవారు వేరే కూడా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి అర్హులైన వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటి గుమ్మం దగ్గరే అందుతున్నది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. బిడ్డలు పట్టించుకోకపోతే తిండి, బట్ట, నివాసం, వైద్యం కోసం తల్లి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఇవన్నీ మంచివే. అయితే కొడుకు పక్కన కూర్చుని కాళ్ళు పట్టడాన్ని ఏ ప్రభుత్వమూ పంపిణీ చేయలేదు, ఏ ట్రిబ్యునలూ ఇప్పించలేదు. ఇతరులు తీర్చలేని హక్కు ఏదో, బిడ్డ ముందుగా తీర్చవలసింది అదే.

బిడ్డ దగ్గర ఉండటం తల్లికి ఎంత విలువైనదో ఈ తీరానికి బాగా తెలుసు. 2018 నవంబరులో వేరావల్ నుండి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సముద్ర సరిహద్దు దగ్గర పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. 2019 సంక్రాంతి వాళ్ళు జైలులో ఉండగానే గడిచిపోయింది. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దులో విడుదలై, ఆ ఏడాది సంక్రాంతి ముందు స్వస్థలాలకు చేరారు. ఏం తెచ్చావని ఆ బిడ్డలను ఏ తల్లి అడిగి ఉంటుంది? ఆ తల్లులు ముస్లింలు కారు గదా అని ఎవరైనా అనవచ్చు. హజ్రత్ అస్మా (రజి) తల్లి అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. ఆమె కూతురిని చూడవచ్చినప్పుడు, తల్లితో సంబంధం నిలుపుకొని మంచిగా మెలగమనే దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. తల్లి ప్రేమకు గాని, తల్లి హక్కుకు గాని మతం అడ్డు కాదు.

మరి ఏం చేయాలి?

కొందరు ఉత్సాహంతో తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు వంటింట్లోకి రావద్దు" అని ఆంక్ష పెడతారు. ఇది కూడా సరికాదు. యాభై ఏళ్ళు తను నడిపిన ఇంట్లో ఆమె పరాయిదైపోతుంది. ఆమె పెద్దరికం ఆమెకు ఉండనివ్వాలి, బరువు మనం తీసుకోవాలి. ఏం వండాలో ఆమె చెప్పాలి. ఉప్పు, కారం ఆమె చూడాలి. నీళ్ళు మోయడం, ఉల్లిపాయలు తరగడం, అంట్లు తోమడం బిడ్డలు చేయాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. తల్లి భుజం మీది బరువును దించి భార్య భుజం మీద పెట్టడం తల్లి సేవ కాదు. అత్తకు సేవ చేయడం కోడలి మంచితనం, దానికి పుణ్యం ఉంది. కాని తల్లి సేవ విధిగా ఉన్నది కొడుకు మీద, కూతురి మీద. మగవాడికి ఇంటిపని నామోషీ అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆయన కన్నా గౌరవనీయుడెవరు?

రమజాన్‌లో ఈ జాగ్రత్త మరింత అవసరం. సహరీకి అందరినీ లేపేది, ఇఫ్తార్‌కు అందరికన్నా చివర కూర్చునేది తరచూ ముసలి తల్లే. ఉపవాసం పాటించే శక్తి పూర్తిగా ఉడిగిన వృద్ధులకు షరీఅత్ ఫిద్యా సౌలభ్యం ఇచ్చింది. ఆమె మొండిగా రోజా ఉంటానంటే డాక్టరును, ఆలిమ్‌ను అడిగి నెమ్మదిగా నచ్చజెప్పాలి, ఫిద్యా ఏర్పాటు బిడ్డలే చేయాలి. శ్రీకాకుళంలో ఎప్పుడో కుతుబ్‌షాహీల కాలంలో ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు వంటి చోట్ల ఈద్ నమాజు చేసి, ఆలింగనాలు ముగించుకొని ఇంటికి వచ్చే కొడుకులు, షీర్ ఖుర్మా గిన్నె ముందు కూర్చునే లోపు ఒక గిన్నె నింపి అమ్మ చేతికి అందిస్తే, అది ఎంత చిన్న పని! ఎంత పెద్ద పని!

రైల్వే రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆ రోజు పొద్దున్నే మనం ఫోను పట్టుకుని కూర్చుంటాము. టికెట్టుతో పాటు ఇంకొన్ని సంగతులు కూడా ఆనాడే నిర్ణయించుకుందాం. వెళ్ళిన మొదటి రోజే అమ్మను డాక్టరుకు చూపించాలి. ఆమె మంచం ఆమెకే ఉండాలి. ఆమె తిన్న తర్వాతే మనం లేవాలి. రోజుకొక గంట ఫోను పక్కన పెట్టి, ఆమె చెప్పిన కథే మళ్ళీ చెప్పినా మొదటిసారి విన్నట్టు వినాలి. బయలుదేరే ముందు దుప్పట్లు మనమే ఉతికి ఆరేయాలి.

వృద్ధాప్యంలో తల్లిదండ్రులను, కనీసం వారిలో ఒకరిని పొంది కూడా వారి సేవ ద్వారా స్వర్గం సంపాదించుకోలేనివాడు నాశనమయ్యాడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఆ స్వర్గ ద్వారం మనలో ఎందరికో ఇంకా తెరిచే ఉంది. ఎంతకాలం తెరిచి ఉంటుందో అల్లాహ్‌కే తెలుసు.

మన తల్లులకు ఆరోగ్యాన్ని, మనశ్శాంతిని, వారి సేవ చేసుకునే భాగ్యాన్ని మనకు అల్లాహ్ ప్రసాదించుగాక! ఈ లోకం విడిచి వెళ్ళిన తల్లులను ఆయన తన కారుణ్యంతో కప్పివేయుగాక! ఆమీన్.