పిల్ల గొంతుతో పిలిచి

అమెరికాలో కొయోటీని రాత్రిపూట వేటాడేవాడికి తుపాకీతోపాటు ఒక చిన్న స్పీకరు కూడా కావాలి. కొయోటీ తోడేలు కన్నా చిన్నది, మన నక్క కన్నా కాస్త పెద్దది. హవాయి తప్ప ఆ దేశంలోని రాష్ట్రాలన్నిటా ఉంది. వేటగాడు స్పీకరును పొద మొదట్లో పెట్టి, దూరంగా కూర్చుని రిమోట్ నొక్కుతాడు. ముందు గాయపడిన కుందేలు అరుపు వినిపిస్తుంది. దానికి ఏదీ రాకపోతే ఊళ, ఆ తర్వాత ఆపదలో ఉన్న కొయోటీ పిల్ల ఏడుపు. జంతువు దగ్గరికి రాగానే దాని ఒంటి వేడి థర్మల్ స్కోపులో తెల్లగా కనిపిస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఇదంతా చట్టబద్ధమే. వేట పాపమా కాదా అన్నది పాత ప్రశ్న, అందులోకి నేను వెళ్లడం లేదు. పిల్ల గొంతుతో పిలిచి చంపడంలో, చంపడం కాక వేరే తప్పు ఒకటి ఉందా అన్నదే నా ప్రశ్న. ఉందనే నా వాదన.

ఈ ప్రశ్నకు మహాభారతం ఆదిపర్వంలోనే ఒక నమూనా ఉంది. లేడి రూపంలో భార్యతో కూడి ఉన్న కిందముడనే మునిని పాండురాజు బాణంతో కొడతాడు. రాజులకు మృగాలను వేటాడే హక్కు ఉందని, అగస్త్యుడంతటివాడే వేటాడాడని తనను సమర్థించుకుంటాడు. కిందముడు ఆ హక్కును కాదనడు. జింకను చంపినందుకు నిన్ను నిందించడం లేదు, ఆ సమయం దాటేదాకా ఎందుకు ఆగలేదన్నదే నా అభియోగం అంటాడు. అంటే చంపడం వేరు, ప్రాణి బతుకులో ఏ ఘడియను పట్టుకుని చంపామన్నది వేరు. మొదటిదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని తప్పు పట్టవచ్చు. అహింస గురించి మాట్లాడేవాళ్లు ఈ తేడాను తరచు మరిచిపోయి, వేటగాడితో వాదనకు దారే లేకుండా చేసుకుంటారు.

ఇదే తేడా ఆ స్పీకరులోని శబ్దాలకూ వర్తిస్తుంది. కుందేలు అరుపు ఆకలికి వేసిన ఎర. గాలానికి గుచ్చిన వానపాము, బోనులో కట్టిన మేక, కౌజులను పట్టడానికి మనవాళ్లు పెట్టే దీమపు పిట్ట, అన్నీ కొంచెం అటూ ఇటూగా ఈ కోవలోవే. తిండి కోసం వచ్చే వేటజంతువు తానూ చంపడానికే వస్తుంది. పిల్ల ఏడుపు అలాంటిది కాదు. కొయోటీలు జంటకట్టి బతుకుతాయి. వసంతంలో పుట్టిన పిల్లలను తల్లీ తండ్రీ కలిసి సాకుతాయి, ముందటి ఏటి పిల్లలు కొన్ని ఆగిపోయి ఆ పనిలో సాయపడతాయి. షికాగో ప్రాంతపు కొయోటీల మీద 2012లో వెలువడిన జన్యు పరిశీలనలో 18 ఈతల పిల్లలను పరీక్షిస్తే, జతకు బయట పుట్టినది ఒక్కటీ కనబడలేదు. ఇంత గట్టి కాపురం ఉన్న జంతువును దాని సాకుడు గుణంతోనే తుపాకీ ముందుకు రప్పించడానికి పనికొచ్చే శబ్దం అది.

జంతువుకు నమ్మకం అనేది ఉంటేగా ద్రోహం అనడానికి, చెవిన పడ్డ శబ్దానికి కాళ్లు కదిలాయి, అంతే కదా అని ఒక ఆక్షేపణ ఉంది. దీనికి బలం లేకపోలేదు. పిల్లలు లేని కొయోటీ కూడా ఆ ఏడుపుకు వస్తుంది, ఈతకాలం కాని రోజుల్లోనూ వస్తుంది. తన హద్దులో పరాయి గుంపు చేరిందేమో చూసుకోవడానికి కూడా కావచ్చు. వచ్చిన ప్రతి కొయోటీలోనూ కన్నప్రేమను చూడటం మన ఊహే. అయినా నా అభియోగం జంతువు మనసు మీద ఆధారపడినది కాదు, వేటగాడు దేన్ని వాడుకుంటున్నాడన్న దాని మీద ఆధారపడినది. తల్లి వస్తుందన్న లెక్కతోనే అతను ఆ మీట నొక్కుతాడు. వాలిని చాటునుంచి కొట్టిన రాముడు, మనుషులు మృగాలను వలలతో, ఉచ్చులతో, దాక్కుని కూడా పడతారు, అందులో దోషం లేదని కిష్కింధకాండలో జవాబిస్తాడు. ఆ జవాబును పూర్తిగా ఒప్పుకున్నా, అది సమర్థించేది చాటును, ఉచ్చును మాత్రమే. ఆప్తుల గొంతు అరువు తెచ్చుకుని పిలవడం రామాయణంలో మారీచుడు చేసిన పని. అక్కడ మోసపోయింది మనుషులు, ఇక్కడ మృగం. ఆ తేడా తప్పు బరువును తగ్గించవచ్చు కానీ తప్పే లేకుండా చేయదు.

అమెరికన్ వేటగాళ్లు ఈ సంగతిని వేరే దారిలో ఆలోచించారు. థియొడర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ జంతువుకు తప్పించుకునే అవకాశం ఇవ్వాలన్న న్యాయమైన వేట నియమాన్ని ప్రచారం చేసింది. స్పెయిన్ తత్వవేత్త ఒర్టేగా ఇ గాసెట్ 1942లో వేట గురించి రాస్తూ, మనిషి తన ఆధిక్యాన్ని తానే తగ్గించుకుంటేనే అది వేట అవుతుందన్నాడు. ఈ వాదం నన్ను పూర్తిగా ఒప్పించదు. తప్పించుకునే అవకాశం పందెంలో గెలుపును రుచిగా చేసుకోవడానికి ఆటగాడు పెట్టుకున్న నియమం, దానితో చచ్చే జంతువుకు ఒరిగేదేమిటి? అయినా ఆ దృష్టితో చూసినా రాత్రివేట నిలబడదు. 62 జాతుల క్షీరదాల మీద జరిగిన పరిశీలనలను కలిపి 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం, మనుషుల అలజడి ఉన్నచోట జంతువులు పగటి సంచారం తగ్గించి రాత్రికి జరుగుతున్నాయి. వేటాడినచోట కొయోటీ చేసేదీ అదే. థర్మల్ స్కోపుతో ఇప్పుడు ఆ చాటూ పోయింది. చీకటి వేటగాడిని మాత్రమే దాస్తోంది.

గొర్రెల కాపరి వేసే ప్రశ్న వీటన్నిటికన్నా బరువైనది. అమెరికాలో క్రూరమృగాల వాత పడే గొర్రెల్లో, గొర్రెపిల్లల్లో ఎక్కువభాగం కొయోటీలవల్లే పోతున్నాయి. కాలును పట్టి రాత్రంతా నిలబెట్టే ఇనుప ఉచ్చుకన్నా, దగ్గరికి పిలిచి ఒక్క గుండుతో ముగించడం దయ కాదా అని కాపరి అడిగితే, బాధ విషయంలో అతనే రైటు. వనపర్వంలోని ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతూనే ధర్మం చెప్పాడు, హింస లేని బతుకు ఎవరికీ లేదన్నాడు. మందను కాచుకోవడానికి, గొర్రెలను పట్టడం మరిగిన కొయోటీని చంపే కాపరిని నేను తప్పు పట్టను. కానీ కనబడినదాన్నల్లా పిలిచి చంపడం మందను కాయడం కాదు. ఫెడరల్ ప్రభుత్వ సిబ్బందే ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 50 వేలకు పైగా కొయోటీలను చంపుతున్నారు. శతాబ్దానికి పైగా ఇంత చంపినా కొయోటీ తగ్గలేదు సరికదా, తోడేళ్లు పోయిన తూర్పు రాష్ట్రాలకూ పాకింది. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ మాత్రం కాపరులకు కాపలా కుక్కలకు, కంచెలకు డబ్బు సాయం చేసే దారి పట్టింది.

ఇక పందేలు. ఎవరు ఎక్కువ కొయోటీలను చంపితే వారికి బహుమతి అనే పోటీల్లో కాపరి అవసరమూ లేదు, ఆకలీ లేదు. వెర్మాంట్ 2018లో, న్యూ మెక్సికో 2019లో వీటిని నిషేధించాయి, మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. నిషేధం లేనిచోట, కనీసం ఈ పోటీల్లో, పిల్ల ఏడుపు రికార్డింగును స్పీకరునుంచి తీసేయాలని అడగడం అతి కాదు. కొన్ని మినహాయింపులు తప్పిస్తే, రికార్డు చేసిన పక్షి కూతలతో బాతులను పిలిచి కాల్చడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వలస పక్షికి ఉన్న ఆ రక్షణలో కొంతైనా, పిల్లను కాపాడటానికి వచ్చే తల్లికి ఇవ్వడానికి ఆ దేశానికి కొత్త సూత్రమేదీ అక్కరలేదు.