డింగిల్‌లో రాత నేర్చుకునేవారు

ఐర్లాండ్ నైరుతి కొసన, కెర్రీ కౌంటీలో ఉన్న చిన్న రేవు పట్టణం డింగిల్. కనెక్టికట్‌లోని సేక్రెడ్ హార్ట్ విశ్వవిద్యాలయం అక్కడ తన విద్యాకేంద్రాన్ని నడుపుతోంది. కథ, కవిత రాయడం నేర్చుకునే అమెరికా విద్యార్థులకు ఇంతకన్నా తగిన చోటు దొరకడం అరుదు.

అమెరికాలో రచన తరగతి అంటే ప్రధానంగా ఒకరి చిత్తుప్రతిని మిగిలినవారంతా చదివి, బాగోగులు చర్చించడం. 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. డింగిల్ పరిసరాల్లో రచన మరో దారిలో పుట్టింది. తీరానికి ఎదురుగా గ్రేట్ బ్లాస్కెట్ దీవి ఉంది. అక్కడి జాలరి తోమాస్ ఓ క్రిహన్‌కు కిలార్నీ నుంచి వచ్చిన మిత్రుడొకరు గోర్కీ, పియేర్ లోటీ రచనలు పరిచయం చేశారు. పేదల బతుకూ పుస్తకమవుతుందని గ్రహించిన ఆ జాలరి తన జీవితకథను ఐరిష్ భాషలో రాశాడు. అది 1929లో అచ్చయింది. అదే దీవిలో నివసించిన, ఐరిష్‌లో రాయడం రాని పెగ్ సేయర్స్ తన కథను నోటితో చెబితే కొడుకు కాగితం మీద పెట్టాడు. 1936లో వెలువడిన ఆ పుస్తకాన్ని ఐర్లాండ్ బడిపిల్లలు తరాలపాటు చదివారు. రాత నేర్వవచ్చిన విద్యార్థికి ఇంతటి పాఠం తరగతి గదిలో దొరకదు.

ఈ రచనలు పుట్టిన దీవి 1953లో ఖాళీ అయింది. అంతకుముందే ఎందరో దీవివాసులు అమెరికాకు, ముఖ్యంగా మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వలస వెళ్లి స్థిరపడ్డారు.