బలమైన ఇరుసు – భారమెవరిది?

బలము సంపాదించినవాడు ఆ బలముకొలది బరువెత్తవచ్చునా? ఈ ప్రశ్నకు ఒక పాత లారీ మనకు పాఠము చెప్పగలదు.

రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన పిమ్మట, సైన్యము వదలిన లారీలు అనేకములు ప్రజల సరకులు మోయుటకు వచ్చినవి. ఆ యుద్ధములో పేరుపొందిన జి.ఎమ్.సి. లారీకి బాటలేని నేలమీద రెండున్నర టన్నుల మోత అని నిర్ణయించిరి. ఇట్టి పాత లారీలకు అంతకంటె గట్టి ఇరుసులు అమర్చువారు నేటికిని కలరు.

అది సులభమైన పని కాదు. స్ప్రింగుపట్టీలు, బోల్టులు, బ్రేకులు క్రొత్త ఇరుసుకు సరిపడవలెను. ముందు చక్రములను కూడ ఇంజను త్రిప్పు బండియైతే, ముందు వెనుక ఇరుసుల పళ్లచక్రముల లెక్క ఒక్కటిగా నుండవలెను. లేనియెడల అవి గట్టి నేలమీద ఒకదానితో నొకటి పెనుగులాడి విరుగును.

ఇవన్నియు చక్కగా కుదిరినవనుకొందము. మునుపు అధికమైన బరువు వేసినప్పుడు పాత ఇరుసు విరిగి, “ఇక చాలు” అని యజమానికి చెప్పెడిది. క్రొత్త ఇరుసు ఆ మాట చెప్పదు. అయితే బరువు మాయము కాలేదు, చోటు మారినది. అది పాత చాసిస్ మీదను, దాని క్రింది బాటమీదను పడుచున్నది.

అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రమున 1958 మొదలు 1960 వరకు లారీలను మరల మరల నడిపి బాటలను పరీక్షించిరి. ఇరుసుమీద బరువు రెండింతలైనచో బాటకు కలుగు చెరుపు సుమారు పదునారింతలగునని తేలెను. అందుచేతనే ప్రభుత్వము ఇరుసు బరువుకు హద్దు పెట్టినది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు మన దేశములో 10.2 టన్నులుగా నున్న హద్దును 2018లో 11.5 టన్నులు చేసిరి. యజమాని తన ఇష్టప్రకారము గట్టి ఇరుసు వేసినంతమాత్రమున ఆ హద్దు పెరుగదు.

విశాఖపట్టణమందలి సీతమ్మధార ప్రక్కగా జాతీయ రహదారి పోవుచున్నది. ఓడరేవును ఉక్కు కర్మాగారమును గల ఆ పట్టణమున బరువు లారీలకు కొదువ లేదు. బాటలమీద లారీలతోపాటు సైకిలువాడును, బడికి పోవు బిడ్డయు నడచెదరు. అధిక భారముచే బాట గోతులుపడిన యెడల, రాత్రివేళ ఆ గోతిలో పడువాడు సరకు లాభము పొందినవాడు కాడు.

ఆలాగైతే గట్టి ఇరుసు వేయుట తప్పా? కాదు. గట్టి ఇరుసు వేసి పాత బరువే ఎత్తువాడు వివేకి. వాని బలము అందరికి క్షేమము. గట్టి ఇరుసు వేసితినని బరువు పెంచువాడు తన నష్టమును పొరుగువాని నెత్తికెత్తుచున్నాడు.

మనలో ధనముగలవారును, ఊరిలో పలుకుబడిగలవారును, ఇంటిలో పెద్దరికముగలవారును ఉన్నారు. “నేను ఓర్చుకొనగలను” అని మనము ఒక పనికి పూనుకొనునప్పుడు, మన క్రిందనున్న కూలివాడును, భార్యయు, బిడ్డలును ఓర్చుకొనగలరా అని ముందుగా విచారింతము. ఇరుసు విరిగిన చప్పుడు అందరికి వినబడును; బాట అరిగిపోవుట ఎవరికిని వినబడదు.