కాలనీకి కావలి సరే, మనసుకు కావలి ఏది?





ఈసారి మనం మాట్లాడుకునే విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. కాలనీ కమిటీ, దాని కాపలా, దాని వాట్సాప్ గ్రూపు. కానీ పల్లె విడిచి, చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, అప్పు చేసి పట్నంలో ఇల్లు కట్టుకున్న మనవాళ్లకు ఇది రోజూ గుచ్చుకునే ముల్లు. ధమ్మ సమావేశాల్లో టీ తాగేటప్పుడు ఎవరో ఒకరు ఈ బాధ చెప్పుకోకుండా ఉండరు.

ముందు ఒక మాట. కాపలా కాయడం తప్పేమీ కాదు. దొంగతనాలు జరుగుతున్నాయి, ఆడవాళ్ల మెడల్లో గొలుసులు తెంపుకుపోతున్నారు. హైదరాబాద్‌లో పోలీసులే ‘నేను సైతం’ పేరుతో కెమెరాలు పెట్టుకోమని కాలనీలకు చెప్పారు. నలుగురూ కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకోవడాన్ని బుద్ధుడు కూడా మెచ్చుకున్నారు. మగధ రాజు అజాతశత్రువు వజ్జీల మీదికి దండెత్తాలని చూసి, తన మంత్రి వస్సకారుణ్ణి భగవానుడి దగ్గరికి పంపాడు. వజ్జీలు తరచూ సమావేశమవుతూ, సామరస్యంగా నిర్ణయాలు చేసుకుంటున్నంత కాలం వాళ్లకు వృద్ధే గానీ క్షీణత ఉండదని భగవానుడు చెప్పారు. కాబట్టి కమిటీ ఉండాలి. మనం కూడా అందులో ఉండాలి.

మరి ముల్లు ఎక్కడుంది? దొంగ కోసం పెట్టిన కన్ను పొరుగింటి వైపు తిరిగినప్పుడు ఉంది. అద్దెకు ఇల్లు అడిగితే జీతం ఎంత అని కాదు, “మీరేమిట్లు?” అని అడుగుతారు. ఆదివారం మీ వంటింట్లోంచి ఏం వాసన వచ్చిందో సోమవారానికల్లా గ్రూపులో ఉంటుంది. ఏప్రిల్ 14న మీ ఇంటి ముందు నాలుగు బండ్లు ఆగితే “ఏం మీటింగు అది, కమిటీకి చెప్పారా?” అని ఫోను. వినాయక చవితి చందా అడిగితే, గౌరి, గణపతులను దేవుళ్లుగా నమ్మనని బాబాసాహెబ్ వెంట ప్రతిజ్ఞ తీసుకున్నవాళ్లం, మర్యాదగా వద్దంటాం. ఆ రోజు నుంచి మన బండి పార్కింగు తప్పు, మన పిల్లల ఆట గోల, మన చుట్టాలు అనుమానితులు.

వెనక ఊళ్లో మనవాడు చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చాడా అని చూసిన చూపే ఇది. అప్పుడు అరుగు మీద కూర్చుని చూసేది, ఇప్పుడు స్తంభం ఎక్కి కెమెరాలోంచి చూస్తోంది.

బాబాసాహెబ్‌కు ఈ చూపు బాగా తెలుసు. 1917లో విదేశాల్లో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున డజను మంది కర్రలు పట్టుకుని వచ్చి ఆయన గది ముందు నిలబడ్డారు. నువ్వెవరు, మా సత్రాన్ని మైలపరుస్తావా అని నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. అంత చదువుకున్న మనిషి సామాను పట్టుకుని పార్కులో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. ఆ కర్రల గుంపుకు ప్రభుత్వం ఏ అధికారమూ ఇవ్వలేదు. తమది కాపలా అని వాళ్లకు వాళ్లే అనుకున్నారు.

అనుమానం ముదిరితే ఎంత దూరం వెళ్తుందో మన కళ్ల ముందే చూశాం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకారు పాకింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో బిచ్చమెత్తుకుంటున్న ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. ఆమె ఏ పిల్లనూ ఎత్తుకుపోలేదు. కొట్టినవాళ్లు మాత్రం పిల్లల్ని కాపాడుతున్నామనే అనుకుని ఉంటారు. మైత్రి లేని కాపలా చివరికి అక్కడికే చేరుతుంది.

అందుకే భగవానుడు చెప్పిన ఒక కథ గుర్తు చేసుకోవాలి. ఇది సంయుత్త నికాయంలో ఉంది. వెదురు గడ మీద ఆట ఆడే ఒక గురువు, మేదకథాలిక అనే శిష్యుడు. శిష్యుణ్ణి భుజాల మీద నిలబెట్టుకుని గురువు, నువ్వు నన్ను కనిపెట్టుకుని ఉండు, నేను నిన్ను కనిపెట్టుకుని ఉంటాను అన్నాడు. శిష్యుడు ఒప్పుకోలేదు. మీ నిలకడ మీరు చూసుకోండి, నా నిలకడ నేను చూసుకుంటాను, అప్పుడే ఇద్దరం క్షేమంగా కిందికి దిగుతాం అన్నాడు. శిష్యుడి పద్ధతే సరైనదని భగవానుడు చెప్పారు. తన మనసును కాచుకునేవాడు పరులనూ కాచినట్టే. అలాగే ఓర్పుతో, అహింసతో, మైత్రితో, దయతో పరులను కాచేవాడు తననూ కాచుకున్నట్టే.

ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆ గడ ఆట ఆడేవాళ్లే ఇవాళ మన కాలనీ గేటు దగ్గరికి వస్తే లోపలికి రానిస్తారా? మనం రానిస్తామా?

అసలు గండం ఈ రెండో ప్రశ్నలోనే ఉంది. మనల్ని అనుమానంగా చూసే చోట మనం ‘మంచివాళ్లం’ అనిపించుకోవాలని ఉంటుంది. దానికి దగ్గరి దారి, మనకన్నా కింద ఉన్నవాళ్ల మీద మనమూ వేలు చూపించడం. చెత్త ఏరుకునే అమ్మాయి ఫోటో తీసి గ్రూపులో పెట్టడం, బీహార్ నుంచి వచ్చిన కూలీ కుర్రాళ్లను గేటు దగ్గర ఆపించడం, ముస్లిం కుటుంబానికి ఇల్లు ఇవ్వొద్దంటే తల ఊపి ఊరుకోవడం. అలా చేస్తే కమిటీలో కుర్చీ దొరకొచ్చు. కానీ మెట్ల కులవ్యవస్థలో ఒక మెట్టు పైకి ఎక్కడమే తప్ప మెట్లు కూల్చడం కాదది. మనుషులంతా సమానమనీ, అన్ని జీవుల మీదా కరుణ చూపుతాననీ దీక్షభూమిలో బాబాసాహెబ్ చేయించిన ప్రతిజ్ఞలు కాలనీ గేటు దాటగానే చెల్లకుండా పోవు.

మరి ఏం చేయాలి?

ఒకటి, దాక్కోవద్దు. ఇంట్లో బుద్ధుడి బొమ్మ ఉంటే ఉందని తెలియనివ్వండి. బుద్ధ పూర్ణిమ నాడు పాయసం చేసి పక్కింటికి పంపండి. తీసుకుంటే సంతోషం, తీసుకోకపోతే అది వాళ్ల ఇష్టం.

రెండు, చట్టం తెలుసుకోండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. కళ్ల ముందు తీవ్రమైన నేరం జరిగితే నేరస్తుణ్ణి పట్టుకుని పోలీసులకు అప్పగించవచ్చు. అంతేగానీ కమిటీ పోలీసు స్టేషన్ కాదు. కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కోపంతో అరిచే బదులు తేదీ, సమయం రాసుకుని, మెసేజీలు భద్రపరచుకుని, కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి. ఓర్పు అంటే నోరు మూసుకోవడం కాదు.

మూడు, మీటింగులకు వెళ్లండి. మనం లేని చోటే మన గురించి ఎక్కువ మాట్లాడతారు.

నాలుగు, ఇంకొకరి తప్పు ఎత్తిచూపే ముందు భగవానుడు భిక్షువులకు పెట్టిన ఐదు నిబంధనలు చూసుకోండి. చెప్పడానికి ఇది సమయమేనా? చెప్పేది నిజమేనా? మెత్తగా చెబుతున్నానా? దీనివల్ల మేలు ఉందా? నా మనసులో ఉన్నది మైత్రేనా, కక్షా? గ్రూపులో మెసేజీ పంపేముందు ఈ ఐదూ అడగమని మీ కమిటీలోనే ప్రతిపాదించండి. బుద్ధుడి పేరు చెప్పినా సరే, చెప్పకపోయినా సరే. సగం మెసేజీలు వాటంతటవే ఆగిపోతాయి.

కెమెరా వీధినంతా చూస్తుంది, తన వెనక ఏముందో చూడలేదు. మనిషికి అలా కాదు, వెనక్కి తిరిగి తన మనసును తాను చూసుకోగల శక్తి ఉంది. దానికే సతి అని పేరు. ఈ రాత్రి గేటు వేసి పడుకునే ముందు ఐదు నిమిషాలు కూర్చుని శ్వాస గమనించండి. ఇవాళ మిమ్మల్ని అనుమానించిన మనిషి క్షేమం కోరండి. ఇవాళ మీరు అనుమానించిన మనిషి క్షేమం కూడా కోరండి. రెండోది కొంచెం కష్టం. మొదలుపెట్టాల్సింది అక్కడే.

జై భీమ్! నమో బుద్ధాయ!