పెళ్లిలో తాళి, గుడిలో హారతి: కతోలికులకు తగునా?

సందేహం: మాది తరాలుగా కతోలిక కుటుంబం. గుంటూరు జిల్లాలో ఉంటాం. మా అబ్బాయికి బాప్టిస్టు సంఘంలోని అమ్మాయితో సంబంధం కుదిరింది. మా ఇళ్లలో పెళ్లంటే ఫాదర్ గారు తాళిబొట్టును ఆశీర్వదించాలి, వరుడు కట్టాలి. పండుగ పూజలో హారతి ఇస్తాం. గుణదల వెళ్లి తలనీలాలు ఇస్తాం, కొబ్బరికాయ కొడతాం. ‘ఇవన్నీ హిందువుల ఆచారాలు, వాక్యంలో లేవు, ఉంగరాలు మార్చుకుంటే చాలు’ అని వియ్యాలవారు అంటున్నారు. ఇటు పక్కింటి స్నేహితురాలు, ఆమె హిందువు, ‘మా ఆచారాలు మీకెందుకు వదినా?’ అంది. దెప్పిపొడుపుగా కాదు, తెలుసుకోవాలనే అడిగింది. నాకు జవాబు దొరకలేదు. ఇంట్లో మా అత్తగారు ముహూర్తం చూడమంటారు, మైల రోజుల్లో గుడికి వెళ్లొద్దంటారు. వీటిలో ఏది విశ్వాసం, ఏది కాదు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ వియ్యాలవారు చాలంటున్న ఉంగరం కూడా బైబిల్లోని పెళ్లిళ్లలో కనిపించదు. అది రోమనుల ఇళ్లలోది. క్రీస్తును ఎరుగని రోజుల్లోనే రోమను యువకుడు పెళ్లి మాట ఖాయం చేసుకుంటూ అమ్మాయికి ఉంగరం ఇచ్చేవాడు. క్రైస్తవులయ్యాక ఆ దేశంవాళ్లు దాన్ని వదులుకోలేదు. వాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఒక వస్తువు ఎక్కడినుంచి వచ్చిందన్నది మాత్రమే చూసి తీర్పు చెబితే ఉంగరమూ నిలవదు, తాళీ నిలవదు. శ్రీసభ చరిత్రలో ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పెద్దలు తడుముకున్నారు, వాదించుకున్నారు, ఒకరినొకరు నొప్పించుకున్నారు కూడా.

మీలాగే ఒక రాజు ఇలాంటి సందేహాల జాబితానే రోముకు పంపాడు. బల్గేరియా పాలకుడు బోరిస్ కొత్తగా జ్ఞానస్నానం పొందినవాడు. బైజాంటియం గురువులు ఇది చేయకూడదు, అది చేయకూడదు అంటుంటే ఏది నిజమో తెలియక ప్రశ్నలు రాసి పంపాడు. 866లో మొదటి నికొలాస్ పోపు వాటికి 106 సమాధానాలు రాశారు. బుధ, శుక్రవారాల్లో స్నానం చేయవచ్చా, స్త్రీ పురుషులు పైజామాలు తొడగవచ్చా వంటివి కూడా అందులో ఉన్నాయి. స్నానానికి అడ్డులేదన్నారు. బట్టల సంగతి రక్షణకు సంబంధించింది కాదన్నారు. పెళ్లి గురించి ఆయన చెప్పింది మీకు నేరుగా పనికొస్తుంది. ఉంగరం, దానం, ఆశీర్వాదం వంటి రోము ఆచారాలన్నీ వర్ణించి, ఇవి లేకపోయినా పాపం లేదు, వధూవరుల అంగీకారమే వివాహాన్ని వివాహం చేస్తుంది అని తేల్చారు. కతోలిక ధర్మం నేటికీ ఆ మాట మీదే ఉంది. కాబట్టి తాళి కట్టకపోతే పెళ్లి కాదనడానికి లేదు, కడితే చెడుతుందనడానికీ లేదు.

అయితే ఆ జాబులో అన్నిటికీ సరే అనలేదు. యుద్ధానికి బయలుదేరేముందు మంచి రోజు, మంచి గడియ చూసుకుంటాం, మంత్రాలు వేయించుకుంటాం అని బోరిస్ రాస్తే, అవి మానుకోమన్నారు. మీ అత్తగారి ముహూర్తం ఈ కోవలోకి వస్తుంది. కాలం దేవుడి చేతిలో ఉందని నమ్మి, మళ్లీ గడియ మనకు కీడు చేస్తుందని భయపడటం ఒకదానితో ఒకటి పొసగదు. తపస్సు కాలంలో ఆడంబరంగా పెళ్లిళ్లు చేయకపోవడం వేరు. అది చెడు కాలమని కాదు, ఉపవాస ప్రార్థనల కాలమని. ఈ తేడాను అత్తగారికి నెమ్మదిగా చెప్పండి.

మైల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. 601 ప్రాంతంలో ఇంగ్లండులో పనిచేస్తున్న అగస్టీను అనే మేత్రాణులు సరిగ్గా ఇదే అడిగితే, ఆ రోజుల్లో ఉన్న స్త్రీని గుడికి రాకుండా ఆపకూడదు, దివ్యసత్ప్రసాదం స్వీకరించకుండానూ ఆపకూడదు అని గ్రెగొరీ పోపు చెప్పినట్టు బీడ్ అనే ఆంగ్ల సన్యాసి రాసిన చరిత్రలో ఉంది. ప్రకృతి వల్ల కలిగేది ఆమె తప్పు కాదన్నది ఆయన వాదం. మన దక్షిణ దేశంలోనూ 1704లో రోము ప్రతినిధి ఇదే మాటను ఉత్తర్వుగా ఇచ్చారు. పద్నాలుగు వందల ఏళ్ల కిందటే తేల్చిన విషయానికి ఇంకా మన ఆడపిల్లలు గుమ్మం బయట నిలబడటం నాకు బాధగా ఉంటుంది. మీరు వెళ్లండి. మీ కోడలినీ తీసుకెళ్లండి.

ఇక తాళి సంగతి. దీని వెనక పెద్ద కథే ఉంది, కొంచెం ఓపిక పట్టండి.

1606లో రాబర్టు డి నొబిలి అనే ఇటలీ యువకుడు, యేసు సభ గురువు, మదురై చేరాడు. అక్కడివారి దృష్టిలో క్రైస్తవుడంటే పరంగి. మాంసం, మద్యం, తోలుబూట్లు, పోర్చుగీసు తుపాకులు, ఇవే క్రీస్తు మతం గుర్తులు. డి నొబిలి ఇది చూసి కాషాయం కట్టాడు, మాంసం మానేశాడు, జందెం వేసుకున్నాడు, గంధం పెట్టుకున్నాడు. తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చాడు. మదురై ఏలుతున్న నాయక రాజులు తెలుగువారు, ఆయనకు సంస్కృతం నేర్పిన శివధర్ముడనే పండితుడూ తెలుగు బ్రాహ్మణుడే. తోటి గురువులే ఆయన మీద ఫిర్యాదు చేశారు. విచారణలు ఏళ్ల తరబడి నడిచాక 1623లో పదిహేనవ గ్రెగొరీ పోపు ఒక అధికారపత్రం ఇచ్చారు. జందెం, పిలక, గంధం, స్నానం కులీనతకు, శుభ్రతకు గుర్తులుగా ఉండవచ్చు, వేరే దైవారాధనకు గుర్తులుగా ఉండకూడదు. అదీ అందులోని సారం.

తెలుగు నేలకు ఈ పద్ధతి 1700 తర్వాత ఫ్రెంచి యేసు సభ గురువులతో వచ్చింది. వాళ్లు నడిపినదానికి కర్ణాటక మిషను అని పేరు. నేటి చిత్తూరు, అనంతపురం ప్రాంతాల్లో కాషాయం కట్టిన ఐరోపావాసులు తెలుగులో బోధించారు. వాళ్లలో గాస్తోన్ కూర్దూ తెలుగుకు నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ బంధుత్వం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాసిందీ ఆయనే. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యంగా రాశాడు. మన పూర్వీకులకు ఈ విశ్వాసం పరాయి దుస్తుల్లో రాలేదన్నది మీ వియ్యాలవారికి చెప్పదగిన మాట.

ఈలోగా వివాదం మళ్లీ రాజుకుంది. 1703లో పుదుచ్చేరిలో దిగిన పోపు ప్రతినిధి తూర్నోన్ ఆచారాలను ఒక్కొక్కటిగా విచారించి 1704లో ఉత్తర్వు ఇచ్చారు. అందులో తాళి ఉంది. పిళ్లైయార్, అంటే వినాయకుడి బొమ్మ ఉన్న తాళిని క్రైస్తవ స్త్రీలు కట్టుకోకూడదన్నారు. తాళినే మానమనలేదు. సిలువ గాని, ప్రభువు లేదా మరియమాత రూపం గాని ఉన్నది కట్టుకోవచ్చన్నారు. నేడు మీ మెడలో సిలువ గుర్తుతో ఉన్న తాళికి ఆ మాట ఒక మూలం. పెళ్లిలో కొబ్బరికాయ పగిలిన తీరును బట్టి శకునం చూడటాన్నీ ఆ ఉత్తర్వు నిషేధించింది. కొబ్బరికాయ మీద దానికి కోపం లేదు, శకునం మీదే.

1744లో పద్నాలుగవ బెనెడిక్ట్ పోపు ఈ నిషేధాలను ఖాయం చేశారు. మిషనరీలు వాటిని పాటిస్తామని ప్రమాణం చేయాల్సి వచ్చేది. ఆ ప్రమాణాన్ని రోము 1940లో రద్దుచేసింది. ద్వితీయ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన గురించిన పత్రం వెలువరిస్తూ, విశ్వాసానికి అవసరం లేనిచోట అందరినీ ఒకే మూసలో పోయాలని శ్రీసభ కోరదని, మూఢనమ్మకంతో విడదీయరానంతగా ముడిపడని జాతి సంప్రదాయాలను సానుభూతితో పరిశీలిస్తుందని చెప్పింది. దాని ఫలితంగా 1969 ఏప్రిల్ 25న భారతదేశానికి పన్నెండు అంశాల అనుమతి వచ్చింది. చెప్పులు విడిచి రావడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, నూనె దీపం, ధూపం, హారతి ఇందులోవే. మీ గుడిలో హారతి ఎవరో తోచినట్టు తెచ్చిపెట్టింది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆనాడు కతోలికుల్లోనే చాలామందికి ఇది మింగుడుపడలేదు. సాంబ్రాణి చరిత్ర చూస్తే వాళ్లకు ఊరట కలిగేది. చక్రవర్తి విగ్రహం ముందు చిటికెడు సాంబ్రాణి వేయనందుకు తొలి క్రైస్తవులు ప్రాణాలిచ్చారు. ఆ హింస ముగిసిన తర్వాత అదే సాంబ్రాణి వాళ్ల గుళ్లలోకి వచ్చింది. పొగ మారలేదు, ఎవరికి వేస్తున్నారన్నది మారింది.

గుణదల మొక్కు గురించి. 1858 ఫిబ్రవరి 11న లూర్దులో మరియమాత బెర్నదెత్తుకు కనిపించిన దినాన్ని పురస్కరించుకొని ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదలలో ఉత్సవం చేస్తారు. ఫాదర్ ఆర్లాటి అక్కడ మాత స్వరూపాన్ని నెలకొల్పింది 1924లో. తలనీలాల మొక్కు వాక్యంలో లేదంటే, సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలో నాజీరు వ్రతం చూడమనండి. వ్రతం ముగిసినవాడు తల గొరిగించుకుంటాడు. అపొస్తలుల కార్యాలు 18వ అధ్యాయంలో పౌలు కెంక్రేయలో మొక్కు తీర్చుకుని జుట్టు తీయించుకున్నాడు. కాకపోతే ఒకటి. జుట్టు ఇస్తే మాత పని చేసిపెడుతుందనే లెక్కతో ఇస్తే అది బేరం. 787లో జరిగిన రెండవ నికేయా మహాసభ తేల్చినట్టు ఆరాధన ఒక్క దేవుడికే. స్వరూపాలకు చేసేది గౌరవ వందనం, అది ఆ రూపం ఎవరిదో వారికి చెందుతుంది. మరియమాతను మనం వేడేది మన కోసం ప్రార్థించమనే.

మీ స్నేహితురాలికి ఏం చెప్పాలి? దీపం, పువ్వు, నమస్కారం, గుమ్మానికి మామిడాకు ఈ నేల మీద పుట్టిన అందరివీ. మీరు వాటిని ఎవరి దగ్గరా తీసుకోలేదు, మీ ముత్తాతల నుంచి వచ్చాయి. కానీ ఆమె ప్రశ్నలో ఒక న్యాయం ఉంది. ఒక దేవత పేరుతో, మంత్రంతో పవిత్రమైనదాన్ని తెచ్చి, అర్థం మార్చి వాడుకుంటే ఆమెకు నొప్పి కలుగుతుంది. అక్కడ మనం ఆగాలి. డి నొబిలి జందెం మీద నాకు ఇప్పటికీ మనసు కుదురుగా లేదు. ఆయన ప్రేమ నిజమైనది, పాండిత్యం అపారమైనది. అయినా ఒకరి ఉపనయన చిహ్నాన్ని ధరించడం ఆ ప్రేమకు అవసరం లేదనిపిస్తుంది. ఆ జందెంతో పాటు ఇంకొకటి కూడా గుడిలోకి వచ్చింది.

అది మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. పై కులాలకు ఒక రకం గురువులు, దళితులకు వేరే గురువులు అన్న ఏర్పాటు మదురై మిషనులో పాతుకుపోయింది. రోగంతో ఉన్న దళితుడి ఇంట్లో అడుగుపెట్టి అభ్యంగనం ఇవ్వడానికి గురువులు వెనకాడేవారు. ఇళ్లకు వెళ్లాల్సిందేనని తూర్నోన్ ఉత్తర్వు చెప్పింది. 1744లో మళ్లీ సర్దుబాటు చేసి, దళితుల కోసం ప్రత్యేకంగా కొందరు గురువులను కేటాయించారు. గంధం మీదా కొబ్బరికాయ మీదా అంత సూక్ష్మంగా విచారించినవారు ఇక్కడ రాజీపడ్డారు. క్రీస్తు విశ్వాసంతో ఏ విధంగానూ పొసగని ఆచారం ఏదైనా మన గుళ్లలోకి వచ్చిందంటే అది కులమే. తాళి కాదు, హారతి కాదు. కతోలికుల్లో అంటరానితనం ఉందని భారత మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన విధానపత్రంలో ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్ ఆయన, దళితుల్లోనూ మొదటివారు. చాలా సంతోషం. కానీ మీ ఊళ్లో సమాధుల దొడ్డి రెండుగా ఉంటే, బల్లల వరసలు పేటలవారీగా ఉంటే, వియ్యాలవారితో తాళి మీద వాదించే ముందు దాని గురించి మీ విచారణ గురువుతో మాట్లాడండి. సంబంధాలు వెతికేటప్పుడు ముందుగా కులం అడిగే అలవాటు కూడా ఇందులోదే.

పెళ్లి విషయంలో చేయాల్సింది ఇది. అమ్మాయి నీటితో, పితృ పుత్ర పవిత్రాత్మ నామంలో బాప్తిస్మం పొంది ఉంటే దాన్ని శ్రీసభ అంగీకరిస్తుంది, మళ్లీ ఇవ్వరు. ఇతర సంఘంవారితో వివాహానికి మేత్రాణుల అనుమతి కావాలి. మీ ఫాదర్ గారి ద్వారా అర్జీ పెట్టించండి, తేదీకి చాలా ముందే. పిల్లలకు కతోలిక జ్ఞానస్నానం ఇప్పించి పెంచడానికి చేతనైనంత చేస్తానని మీ అబ్బాయి మాట ఇవ్వాలి, ఆ సంగతి అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి. ఉంగరాలు, తాళి రెండూ ఉండవచ్చు. అమ్మాయికి తాళి మనస్కరించకపోతే బలవంతపెట్టకండి. ఇద్దరూ గురువు ఎదుట, సాక్షుల ఎదుట నోరారా సమ్మతి చెబితే ఆ పెళ్లికి లోటేమీ ఉండదు.