చెవిలో నాదం, వీధిలో మైకు

1530లో మార్టిన్ లూథర్ జర్మనీలోని కోబర్గ్ కోటలో నెలల తరబడి ఉండిపోవలసి వచ్చింది. ఆయన మొదలుపెట్టిన మత సంస్కరణ మీద ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట వాదోపవాదాలు నడుస్తున్నాయి. వెలివేతకు గురైన మనిషి కాబట్టి ఆయన అక్కడికి వెళ్లడానికి లేదు. పోనీ, కోటలో కూర్చుని బైబిల్ అనువాదమైనా సాగిద్దామంటే తలలో ఉరుములు, చెవుల్లో హోరు. కొన్ని రోజులు పుస్తకం ముట్టుకోనివ్వలేదు. 1527 నుంచీ వదలని ఈ మోత వెనక ఆయనకు సైతాను చెయ్యి కనిపించింది.

మన దేశంలో అలాంటి మోత కోసమే కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లున్నారు. పదిహేనో శతాబ్దం నాటిదిగా చెప్పే హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు నాదానుసంధానాన్ని వివరించాడు. సాధకుడు చెవులు మూసుకుని లోపలికి వింటే మొదట సముద్రఘోష, మేఘగర్జన, భేరీనాదం వినిపిస్తాయట. తర్వాత శంఖం, గంట. చివరికి చిరుగంటలు, వేణువు, వీణ, తుమ్మెద ఝంకారం. స్థూలం నుంచి సూక్ష్మానికి వెళ్తూ మనసు అందులో లయమైపోవాలి. నాదమే శరీరమైన శివుడి మీద త్యాగరాజు కృతి కట్టింది ఈ సంప్రదాయంలో నిలబడే.

సుశ్రుత సంహిత దారి వేరు. అది కర్ణనాదాన్ని చెవి రోగాల్లో ఒకటిగా లెక్కవేసి, వాతదోషానికి ముడిపెట్టి, చికిత్స చెప్పి ఊరుకుంది.

ఒకరికి సైతాను, ఒకరికి బ్రహ్మం, ఒకరికి వాతం. మరి వినిపిస్తున్నది ఏమిటి?

నేటి వైద్యులు దీన్ని టిన్నిటస్ అంటున్నారు. లోపలి చెవిలోని సూక్ష్మమైన రోమకణాలు పెద్ద శబ్దాల వల్లో, వయసు వల్లో, కొన్ని మందుల వల్లో దెబ్బతింటే మళ్లీ పుట్టవు. అటునుంచి అందే సంకేతం తగ్గేసరికి మెదడు తన గ్రహణశక్తిని పెంచుకుంటుందని, ఆ పెంపులోనే లేని శబ్దం పుడుతుందని ఎక్కువమంది ఆమోదించే వివరణ. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగానే ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారు. వాళ్లలో 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపించిందన్నారు. అంటే లోపలి నాదం అటు యోగుల సొత్తూ కాదు, ఇటు రోగుల శాపమూ కాదు. నిశ్శబ్దం దొరికితే దాదాపు అందరికీ వినిపించేదే. కొందరికి మాత్రమే అది బాధ ఎందుకవుతోంది అన్నదే అసలు ప్రశ్న.

బుద్ధుడు సల్లత్థ సుత్తంలో రెండు బాణాల సంగతి చెప్పాడు. ఒంటికి తగిలే నొప్పి మొదటి బాణం. దాని చుట్టూ మనసు అల్లుకునే భయం, ఏడుపు, కోపం రెండోది. టిన్నిటస్‌కు ఇప్పుడున్న చికిత్సలు చాలావరకు ఈ రెండో బాణాన్ని పీకే ప్రయత్నాలే. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మోత తీవ్రతను తగ్గించదు, దాని వల్ల కలిగే వేదనను తగ్గిస్తుంది. రాత్రి పూర్తి నిశ్శబ్దంలో పడుకోవద్దని, ఫ్యానో సన్నని వాన శబ్దమో వినిపించేలా చూసుకోమని వైద్యులు చెప్పేదీ అందుకే. అజాన్ సుమేధో అనే థేరవాద భిక్షువు లోపల వినిపించే సన్నని ఝంకారాన్నే ధ్యానానికి ఆలంబనగా నేర్పాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఇదంతా విని, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లతో వచ్చిన మనిషితో "అది ఓంకారం, అదృష్టవంతుడివి" అనడం క్రూరత్వం. యోగి తనంతట తాను కూర్చున్నాడు, కావాలంటే లేచిపోగలడు. రోగికి ఆ వెసులుబాటు లేదు. పైగా ఒక్క చెవిలోనే మోగుతున్నా, గుండె కొట్టుకునే లయలో మోగుతున్నా, హఠాత్తుగా వినికిడి తగ్గినా ముందు వెళ్లాల్సింది ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి.

ఇంకో చిక్కుంది. 1801 జూన్‌లో బీథోవెన్ తన మిత్రుడు వెగెలర్‌కు రాసిన ఉత్తరంలో చెవులు రాత్రింబవళ్లు మోగుతున్నాయని చెప్పుకున్నాడు. మెల్లగా మాట్లాడితే మాటలు అర్థం కావు, ఎవరైనా అరిస్తే మాత్రం భరించలేనన్నాడు. 1809లో నెపోలియన్ సేనలు వియన్నా మీద ఫిరంగులు పేల్చినప్పుడు తమ్ముడి ఇంటి నేలమాళిగలో దిండ్లతో చెవులు కప్పుకున్నాడు. టిన్నిటస్ ఉన్న చాలామందికి ఇలా బయటి శబ్దం పడకపోవడం కూడా తోడవుతుంది. దీన్ని హైపరాక్యుసిస్ అంటారు. స్టీలు గిన్నె కింద పడినా, కుక్కర్ కూత వేసినా చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. ఎప్పుడూ చెవుల్లో దూది పెట్టుకుంటే ఆ సున్నితత్వం ఇంకా ముదురుతుంది కాబట్టి దాక్కోవడమూ మార్గం కాదు.

ఇక్కడ ఓర్పు బోధ సరిపోదు. ఎందుకంటే మొదటి బాణం కూడా తరచు సాటి మనిషి చేతినుంచే వస్తోంది, అదీ దేవుడి పేరుతో. తెల్లవారుజామున గుడి మైకు, మసీదు మైకు, చర్చి స్పీకర్లు, నిమజ్జనం నాటి డీజే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. అదే ఏడాది ఆగస్టులో మద్రాసులోని ఒక చర్చి కేసులో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించాలని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛను ప్రజారోగ్యానికి లోబరిచే ఇచ్చింది.

లోపలి మోతతో సర్దుకోవడం ఆ మనిషి సాధన. అందులో పొరుగువాడు చేయగలిగింది తక్కువ. బయటి మోత మాత్రం పూర్తిగా పొరుగువాడి ధర్మమే. మీ వీధి ఆలయ కమిటీలోనో, మసీదు, చర్చి కమిటీల్లోనో మీ మాట చెల్లుబాటయితే, వచ్చే పండుగకు పందిరి వేసేముందే స్పీకర్లు ఎన్ని, ఎటు తిప్పాలి, ఎన్నింటికి ఆపాలి అన్నది తేల్చండి.