కోచ్ మాట వినే సాయంత్రం



ఊళ్ళో క్రీడా సంఘం ఉంటే, ఓ సాయంత్రం ఆట ఆపి ఒక పాత కోచ్‌ను పిలిచి మాట్లాడించడం మంచి ఆనవాయితీ. పిల్లలు కప్పులు చూసి ఉంటారు, కప్పు వెనుక బుర్ర ఎలా పనిచేసిందో చెప్పగలిగేది ఆయనే.

హైదరాబాద్ రహీమ్ సాబ్‌నే తీసుకోండి. బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందు వరుసలో ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిస్తే, ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే! అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

ఆయన్ను ఇక పిలవలేం. మన పేటల్లో, కాలనీల్లో పొద్దున్నే గ్రౌండుకు వెళ్ళి పిల్లలతో పరుగులు తీయించిన పెద్దలు మాత్రం ఇంకా ఉన్నారు. చాలామందికి ఒక శాలువా కూడా కప్పలేదు మనం. శాలువా కంటే ముఖ్యం, వాళ్ళు చెప్పేది శ్రద్ధగా వినడం. ఓడిన మ్యాచ్‌ల సంగతి కూడా అడగండి. అసలు పాఠాలు అక్కడే దొరుకుతాయి.

ఈ ఆదివారమే ఒకరిని పిలవండి. పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి.